తలుపు పడని బీరువా

శనివారం రాత్రి, చెన్నై.

తమిళుల ఆడి మాసపు తగ్గింపు ధరల మోజులో ఉదయమే టీ నగర్ వెళ్ళి, రంగనాథన్ వీధి జనంలో నలిగి, మాంబళం స్టేషన్‌లో లోకల్ రైలెక్కి ఇల్లు చేరేసరికి నా చేతిలో మూడు చీరలున్నాయి. ఒక్కటే కొందామని బయలుదేరాను. సర్దుదామని చూస్తే బీరువా తలుపు పడలేదు. భుజంతో నెట్టినా సందులోంచి చెంగులు బయటికే వచ్చాయి. అది చూసి మావారు, మరో బీరువా కొందామా అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు గాని, బైబిల్లో లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనవంతుడిదీ ఇదే ఆలోచన. పంట పట్టకపోతే ఉన్న కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిస్తాననుకున్నాడు, ఆ రాత్రే అతని ప్రాణాన్ని అడిగారు. అతను దొంగిలించినట్టు గాని, కూలి ఎగ్గొట్టినట్టు గాని ఆ ఉపమానంలో ఎక్కడా లేదు. భూమి బాగా పండింది, అంతే. నాకు జీతం వచ్చింది, ధర తగ్గింది, అంతే.

రేపు ఆరాధన తరువాత బట్టలు సేకరిస్తామని పాస్టరుగారు పోయిన వారమే ప్రకటించారు కనుక, పనిలో పనిగా ఒక సంచి నింపడానికి కూర్చున్నాను. గంటలో నిండింది. తీరా చూస్తే అందులో వెలిసిన నైటీలు, హుక్కులు ఊడిన జాకెట్లు, ఎవరో పెట్టగా రంగు నచ్చక నేను ఒక్కసారీ కట్టని పాలిస్టరు చీరలు తప్ప మరేమీ లేవు. క్రిస్మస్ ముందు ఇల్లు దులిపినట్టుంది. దీనిని కానుక అనడానికి నాకే నోరు రాలేదు.

డోర్నకల్ దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ పొయ్యి పక్కన ఒక రేకు డబ్బా ఉండేది. పూట వంటకు సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, కడగబోయే ముందు, అందులోంచే గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేసేది. ఆదివారం అది గుడికి వెళ్ళేది. బస్తాలోంచే తీయవచ్చు కదా అని అడిగితే, "బస్తాకు ఆకలైతదా బిడ్డా?" అని నవ్వేది. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు అజరయ్యగారు 1912లో డోర్నకల్ బిషప్పు అయి, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడైనప్పుడు, ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది పల్లెల్లోని నిరుపేదలే. పేదలు కదా అని వారిని పుచ్చుకునేవారిగానే ఉంచేయక, వారికీ ఇవ్వడం నేర్పారు. ఆ మాటకొస్తే అపొస్తలుడైన పౌలు సైతం ఫిలిప్పీ సంఘస్థులకు చెరసాలలోనుంచి రాస్తూ, సంతృప్తిని తాను నేర్చుకున్నాననే అన్నాడు.

భోజనాలయ్యాక, పోయిన క్రిస్మస్‌కు కొనుక్కున్న బూడిదరంగు మంగళగిరి చీరను తీసి సంచిలో అన్నిటికంటే పైన పెట్టాను. ఎవరి చేతికి వెళ్తుందో, దాన్ని ఎలా ఉతుకుతారో అనిపించి మళ్ళీ తీశాను. అలా అనిపించినందుకు సిగ్గేసింది. ఇది రాస్తున్న వేళకు ఆ చీర సంచిలోనూ లేదు, బీరువాలోనూ లేదు. ఎదురుగా కుర్చీ మీద, మడత విప్పకుండా ఉంది.