గుండు ఒక్కటే కాదు పర్సిస్ ఖంబాటా అంటే

నటి పర్సిస్ ఖంబాటా గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. మా హనుమకొండలో ఆ పేరు చెప్తే గుర్తుపట్టేవాళ్లు తక్కువే. గుర్తుపట్టినవాళ్లు కూడా "ఆ స్టార్ ట్రెక్ గుండు హీరోయిన్ కదా" అనేసి ఊరుకుంటారు. నా బాధంతా అక్కడే.

1948లో బొంబాయిలో పార్సీల ఇంట్లో పుట్టింది. పదమూడేళ్లకే సబ్బు ప్రకటనలో కనిపించి, 1965లో ఫెమినా మిస్ ఇండియా అయి, అదే ఏడు మిస్ యూనివర్స్ పోటీకీ వెళ్లింది. 1968లో హిందీ దర్శకుడు కె.ఎ. అబ్బాస్ సినిమాలో నటించింది. ఇక్కడే ఉండి ప్రయత్నిస్తే ఇంకో నాలుగు వేషాలు దొరికేవేమో, కానీ లండన్ పోయి మోడలింగ్ చేస్తూ, చిన్న పాత్రలతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ తెగువ నాకు చాలా ఇష్టం.

తర్వాత 1979లో స్టార్ ట్రెక్ అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమా. ఇలియా పాత్ర కోసం గుండు చేయించుకుంది. మనకు గుండు కొత్త కాదు. వేములవాడ రాజన్నకు తలనీలాలిచ్చిన ఆడవాళ్లు గుండుకు గంధం రాసుకుని, కొంగు కప్పుకుని బస్సెక్కి ఇంటికొస్తారు, మొక్కు కాబట్టి ఎవరూ ఒక్క మాట అనరు. కానీ అందమే అన్నం పెట్టే పనిలో ఉన్న మనిషి, ఆ రోజుల్లో, ఒక పాత్ర కోసం జుట్టంతా తీయించుకోవడం మామూలు విషయమా? మా అమ్మ నా ఫోన్‌లో ఆమె ఫోటో చూసి "ఎవరే ఈ పిల్ల, గుండుల గూడ ఎంత ముద్దుగున్నది!" అన్నది.

అసలు చూడాల్సింది మాత్రం ఆమె నటన. కథ మధ్యలో ఇలియా మాయమైపోయి, అదే రూపంలో ఒక యంత్రం తిరిగొస్తుంది. గొంతు దగ్గర ఎర్రటి దీపం, మాటలో ఏ భావమూ ఉండదు. అప్పుడు ఇలియా పెట్టుకునే తలపట్టీ తెచ్చి ఆ యంత్రం నుదుటికి కడతారు. ఒక్క క్షణం ఆ కళ్లలోకి పాత మనిషి వస్తుంది, తెలిసినవాళ్లను పేరు పెట్టి పిలుస్తుంది, అంతలోనే మళ్లీ పోతుంది. జుట్టు లేదు, నగల్లేవు, ఒట్టి ముఖంతోనే చేసింది అదంతా. ఆ పాత్రకు, సైన్స్ ఫిక్షన్ లాంటి సినిమాలకిచ్చే సాటర్న్ అవార్డు నామినేషన్ కూడా వచ్చింది.

1980లో ఆస్కార్ వేదిక మీద అవార్డు అందించింది. 2016లో ప్రియాంకా చోప్రా అదే వేదిక ఎక్కడానికి 36 ఏళ్ల ముందు మాట ఇది. అదే 1980లో జర్మనీలో కారు ప్రమాదమైంది. మరుసటి ఏడు హాలీవుడ్ హీరో సిల్వెస్టర్ స్టాలోన్‌తో 'నైట్‌హాక్స్' సినిమా వచ్చింది, తర్వాత 'మెగాఫోర్స్', 1983లో గుండెకు బైపాస్. ఆరోగ్యం దెబ్బతీసింది నిజమే, కానీ హాలీవుడ్ కూడా ఆమెను అందమైన విదేశీ ముఖంగానే వాడుకుందని నా అభిప్రాయం. 1997లో మిస్ ఇండియాల మీద 'ప్రైడ్ ఆఫ్ ఇండియా' పుస్తకం తెచ్చింది. 1998 ఆగస్టు 18న బొంబాయిలో గుండెపోటుతో పోయింది. యాభై కూడా నిండలేదు.

స్టార్ ట్రెక్ మొత్తం చూసే ఓపిక లేకపోతే (నిజంగానే చాలా నెమ్మదిగా నడుస్తుంది) ఆ తలపట్టీ సీనొక్కటైనా చూడండి. చూసినవాళ్లు మీకేమనిపించిందో కింద రాయండి, నాకు తెలుసుకోవాలనుంది.