నూట నలభై దాటొద్దు

శనివారం. తెల్లారి నాలుగున్నరకల్లా నేనూ మా ఆవిడా తిరుమల కొండ కింద అలిపిరిలో ఉన్నాం. పాదాల మండపం దగ్గర టెంకాయ కొట్టి, మొదటి మెట్టుకు మొక్కి లేచేసరికి చేతికున్న వాచీ జివ్వుమని వణికింది. ఎక్సర్‌సైజ్ మొదలుపెడతారా అని అడుగుతోంది. దేవుడి మెట్ల మీద ఎక్సర్‌సైజ్ ఏంట్రా అనుకుంటూనే 'ఎస్' నొక్కాను.

ఈ వాచీ నేను కొన్నది కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి పోయిన నెల వచ్చినప్పుడు నా చేతికి కట్టిపోయింది. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు అన్నప్పటి నుంచి అమ్మాయికి నా మీద నమ్మకం పోయింది. రోజుకు పదివేల అడుగులు నడవాలని ఒకటే పోరు. ఆ పదివేల లెక్క డాక్టర్లు పరిశోధించి తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మిషన్ అమ్ముతూ దానికి 'మాన్పోకే' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటర్ అని అర్థం. ఆ పేరే ఊరూరా పాకి వైద్యసూత్రమైపోయింది. ఈ సంగతి అమ్మాయికి చెప్పాను. "సరే, ఎనిమిది వేలు నడువు నాన్నా" అంది. బేరం కుదిరింది.

అయితే నా జబ్బు నడవకపోవడం కాదు, మొదట్లోనే ఉరకడం. పన్నెండేళ్లుగా ఏడాదికి మూడు నాలుగు సార్లు కాలినడకన కొండెక్కుతున్నాం. ప్రతిసారీ ఇదే కథ. మొదటి ఐదొందల మెట్లు కుర్రాడిలా రెండేసి ఎక్కేస్తాను. గాలిగోపురం చేరి, చొక్కా పిండుకుని, టీ తాగి, ఇంకో టీ కూడా అయ్యాక మా ఆవిడ నిదానంగా వస్తుంది. అంతవరకూ గెలుపు నాదే. చివర్లో నిటారు మెట్లుండే మోకాళ్ల పర్వతం వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. నేను మెట్టుకొకసారి కూర్చుంటాను, ఆమె నన్ను దాటుకుని పోతుంది.

ఈసారి అమ్మాయి వాచీలో ఒక కట్టడి పెట్టింది. గుండె నిమిషానికి 140 సార్లు దాటి కొట్టుకుంటే అది వణకాలి, చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్‌లోంచి ఒకావిడ ఇంగ్లీషులో 'స్లో డౌన్' అనాలి. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠంగా ఎంత కొట్టుకోగలదో ఉజ్జాయింపుగా తెలుస్తుందట. నాకు 49. అంటే 171. మనిషి మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి అది గీత గీసినట్టు లెక్క కాదు. అమ్మాయి కొంచెం జాగ్రత్త కలిపి 140 దగ్గర గేటు వేసింది.

రెండొందల మెట్లు కూడా కాలేదు, వాచీ వణికింది. 152. పట్టించుకోలేదు. మళ్లీ వణికింది. చెవిలో ఆవిడ మళ్లీ 'స్లో డౌన్'. అదే సమయానికి వెనక నుంచి ఒక గుంపు "గోవిందా" అంది. నేనూ అందామని నోరు తెరిస్తే "గో..." దగ్గరే ఊపిరి తెగింది. మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలి ఉండాలని మా డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అది గుర్తొచ్చి ఆగాను.

కింద నుంచి మా ఆవిడ వస్తోంది. ఒక మెట్టు, కొంచెం పసుపు, కుంకుమ బొట్టు, ఇంకో మెట్టు.

"ఏంది మామా, అప్పుడే నిలబడిపోయినావు?"

"వాచీ నిదానంగా పొమ్మంటోంది మే."

"పన్నెండేండ్లుగా నేను చెప్తాంటే వినలే. అది చెప్తే విన్నావా?"

జవాబు లేదు. ఉన్నా చెప్పే ఊపిరి లేదు.

తర్వాత ఆమె పక్కనే నడిచాను. కుంకుమ పొట్లం నేను పట్టుకున్నాను. బొట్టు పెట్టడానికి ఆమె వంగినప్పుడల్లా నా అంకె తగ్గేది: 138, 131, 134. చెవిలో ఆవిడ నోరు మెదపలేదు. ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకున్నాను. మా ఆవిడ వాళ్ల పెద్దన్న కొడుకు పెళ్లి ముచ్చట్లు మొత్తం గాలిగోపురం లోపే అయిపోయాయి. దాదాపు 2,000 మెట్లు. ఇన్నేళ్లలో ఈ దారిలో మేమిద్దరం ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదలు.

గోపురం దాటాక చాలా దూరం చదును. జింకల పార్కు దగ్గర ఉన్నట్టుండి వాచీలో 176 చూపించింది. చదును నేల మీద! గుండె గుభేల్‌మంది. గట్టు మీద కూర్చుని మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టి, మా ఆవిడ ఫోన్‌లో పదిహేను సెకన్లు చూస్తుంటే లెక్కపెట్టాను. 31. నాలుగుతో హెచ్చవేస్తే 124. చూస్తే చెమటకు బెల్టు జారి వాచీ మణికట్టు ఎముక మీదికొచ్చింది. దీని అడుగున పచ్చ లైటు ఉంటుంది. ఆ వెలుగు చర్మం కింద రక్తాన్ని తాకి తిరిగొచ్చే తీరును బట్టి లెక్క కడుతుంది. బెల్టు వదులైతే చెయ్యి ఊపుడునే నాడి అనుకుంటుంది పాపం. ఎముకకు వేలెడు పైకి జరిపి బిగిస్తే 122కి వచ్చింది. వాచీ భయపెడితే వేళ్లతో చూసుకోవాలన్నమాట. ఛాతీలో నొప్పో కళ్లు తిరగడమో ఉంటే మాత్రం అంకె ఎంత బాగున్నా ఆగిపోవాల్సిందే.

మోకాళ్ల పర్వతం దగ్గర దీని తెలివి అయిపోయింది. గుండె 129 అంటోంది, అంతా బాగుందంటోంది. మోకాలి చిప్పలో సూదులు దిగుతున్నది దానికేం తెలుసు! అయినా ఈసారి రెండు సార్లే కూర్చున్నాను. ఆమె నన్ను దాటిపోలేదు. పక్కన నిలబడి నీళ్ల సీసా అందించింది.

మొత్తం 3,550 మెట్లకు వాచీ 13,000 చిల్లర అడుగులు, రెండొందల పైచిలుకు అంతస్తులు లెక్క తేల్చింది. దర్శనం టోకెన్ తీసుకోలేదు. గుడి ఎదుట అఖిలాండం దగ్గర కర్పూరం వెలిగించి బస్సెక్కాం. ఘాట్ మలుపుల్లో ఆవిడ నా భుజం మీద తల పెట్టి నిద్రపోతుంటే వాచీ మళ్లీ వణికింది, చాలాసేపటి నుంచి కూర్చున్నారు, లేచి కదలండి అని. చెయ్యి కదపకుండా బటన్ నొక్కడం ఎంత కష్టమో.

సాయంత్రం మోకాళ్లకు నూనె రాసుకుంటూ వాచీ చూశాను. 36 గంటలు విశ్రాంతి తీసుకోమంటోంది. తీసుకెళ్లి ఆవిడకు చూపించాను.

"అట్లనా? ఈ మాట ఒక్కటి వినొద్దులే మామా" అని నానబెట్టిన బియ్యం గిన్నె చేతిలో పెట్టింది, పిండి ఆడించుకుని రమ్మని.

మిషన్‌కు పోయొచ్చేసరికి ఇంకో తొమ్మిదొందల అడుగులు.