మా నాయనమ్మ వయసు లెక్క

ఆధార్ కార్డు ప్రకారం మా నాయనమ్మ 1941 జనవరి 1న పుట్టింది. మా పల్నాడు ఊళ్ళో ఆ ఈడు ముసలాళ్ళు చాలామంది అదే తారీఖున పుట్టారు, కార్డుల్లో. పుట్టినరోజు చెప్పలేకపోతే మనిషిని చూసి ఓ ఏడు వేసి జనవరి ఒకటి పెట్టేశారు, అంతే.

నాకా అంకె మీద మొదటి నుంచీ అనుమానమే. రజాకార్ల గొడవప్పుడు నైజాం వైపు నుంచి కృష్ణ దాటి వచ్చిన జనం తన పుట్టింటి ఊళ్ళో తలదాచుకుంటే, వాళ్ళకి వండిపెట్టడానికి రాత్రుళ్ళు కూర్చుని జొన్నలు విసిరానని చెప్తుంది. అది 1948. ఏడేళ్ళ పిల్ల ఒక్కతే తిరగలి తిప్పుతుందా? ఎంత లేదన్నా పన్నెండేళ్ళు ఉండి ఉంటాయి. ఆ మాటంటే "ఉంటే ఉన్నాయిలేరా, ఇప్పుడు సంబంధాలు చూస్తావా ఏంటి నాకు" అంటుంది.

ఆమె క్యాలెండరే వేరు. నెహ్రూ వచ్చి సాగర్‌కి రాయి వేసినప్పుడు, అంటే 1955 డిసెంబర్‌లో, మా పెద్దనాన్న కడుపులో ఉన్నాడు. 1967లో కాలవలకి నీళ్ళొదిలేసరికి మా నాన్న చంకలో పిల్లాడు. దివిసీమ ఉప్పెనకి సరిగ్గా నెల ముందు తాతయ్య పోయాడు. అది 1977.

అక్కడి నుంచి ఆరెకరాల సేద్యం ఆమెదే. చదువు లేదు. కూలీల లెక్కంతా వంటింటి గోడ మీద బొగ్గుతో గీసేది. మనిషికో వరస, పూర్తి రోజుకి నిలువు గీత, పూటకి సగం గీత, డబ్బులిచ్చేస్తే అడ్డంగా కొట్టేసేది. పండక్కి ఇంటికి సున్నం వేసినా, బాకీ తీరేదాకా ఆ గోడ జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదట. (మా నాన్న ఇప్పుడు ఫోన్‌లో యాప్ పెట్టుకుని కూడా ఎవరికెంతిచ్చాడో మర్చిపోతాడు.)

మా మేనత్త పెళ్ళి 1979లో అయింది. ఆడపిల్లలకీ సమాన వాటా అని 1986లో మన రాష్ట్రం చట్టం తెచ్చింది కానీ, 1985 సెప్టెంబర్‌కి ముందే పెళ్ళైన వాళ్ళకి అది వర్తించలేదు. పెద్దనాన్న ఆ సంగతే ఎక్కడో కనుక్కొచ్చి మెల్లగా చెప్పాడట. నాయనమ్మ వినీ విననట్టు ఊరుకుని, మర్నాడు కాలవ పక్కనున్న ఎకరం చూపించి "ఇది దానిది" అంది. నీళ్ళు ముందు పారేది ఆ చెక్కకే. కొన్నాళ్ళు ఇంట్లో మాటల్లేవు, మా అమ్మ చెప్తుంది ఆ టెన్షనంతా. ఎకరం మాత్రం అత్త పేరు మీదికి వెళ్ళింది.

మొన్న పింఛను దగ్గర వేలిముద్ర పడలేదు. బొటనవేలు కొంగుతో తుడిచి పెట్టింది, తడిచేసి పెట్టింది, పది వేళ్ళూ అయ్యాక చివరికి కంటిపాప తీసుకుని ఇచ్చారు. మిషన్ బాలేదేమో అని నేను విసుక్కుంటే "దానిదేం తప్పురా, మిరపకాయలకి ముచ్చికలు తీసీ తీసీ నా వేళ్ళే అరిగిపోయాయి" అంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పొద్దున సగంలో వదిలేసిన మిరపకాయల చేట మళ్ళీ ముందుకి లాక్కుంది.