సైటేషన్ల పట్టికలో వాల్తేరు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసేవారికి ఏటా ఒకసారి తప్పని చాకిరీ ఒకటుంది. పరిశోధన పత్రాల వివరాలను నమోదు చేసే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేసుల్లో సంస్థ పేరు మీద ఎన్ని పత్రాలు ఉన్నాయో, వాటికి ఎన్ని సైటేషన్లు, అంటే ఇతర పత్రాల్లో ఉదహరింపులు, వచ్చాయో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. ఈసారి మా సంస్థ పేరు 11 రకాలుగా కనిపించింది. ఒకరు పొడి అక్షరాలు మాత్రమే రాశారు, ఒకరు ఊరి పేరు వదిలేశారు, ఇంకొకరు విభాగం పేరు వేసి విశ్వవిద్యాలయాన్నే మరిచిపోయారు. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకింగులో పరిశోధన, వృత్తిపరమైన కృషి అనే పద్దుకు 30 శాతం మార్కులు ఉన్నాయి కాబట్టి, ఒక్క అక్షరం తేడాతో జారిపోయిన పత్రాన్ని కూడా వెతికి పట్టుకోవాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది.

ఆ పని మధ్యలోనే నాకు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే నేటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుర్తుకు వచ్చింది. 1926లో బెజవాడలో మొదలై, కొన్నేళ్లకే విశాఖపట్నంలోని వాల్తేరుకు చేరిన ఆ సంస్థకు ఇప్పుడు నూరేళ్లు. కట్టమంచి రామలింగారెడ్డి గారు దానికి మొదటి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్), 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నారు. ఆ తొలి ముప్పయ్యేళ్ల పరిశోధనను తెచ్చి నేటి పట్టికలో పోస్తే ఏ గడిలో ఎంత పడుతుందో చూడాలని బుద్ధి పుట్టింది.

ముందుగా భౌతికశాస్త్రం సంగతి చూద్దాం. సి.వి.రామన్ శిష్యుడైన సూరి భగవంతం గారు, టి.వెంకటరాయుడు గారితో కలిసి 1939లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో ఒక పత్రం ప్రచురించారు. స్ఫటికంలో అణువులు లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి దాని రామన్ వర్ణపటంలో, అంటే అది చెదరగొట్టిన కాంతిని విడదీసి చూసినప్పుడు, ఎన్ని రేఖలు రావాలో ముందే చెప్పడం అసాధ్యమనిపిస్తుంది. అంత స్ఫటికాన్నీ పట్టించుకోనక్కరలేదనీ, మళ్లీ మళ్లీ వచ్చే ఒక్క కణాన్ని పెద్ద అణువుగా భావించి, గణితంలోని సమూహ సిద్ధాంతంతో (గ్రూప్ థియరీతో) దాని సౌష్ఠవాన్ని (సిమెట్రీని) పరిశీలిస్తే చాలుననీ వారు చూపారు. కాల్సైట్ ఖనిజాన్నే తీసుకోండి. దాని కణంలో 10 పరమాణువులు ఉంటాయి. ఒక్కొక్కటి మూడు దిశల్లో కదలగలదు గనుక మొత్తం 30 కదలికలు. అందులో మూడు, స్ఫటికమంతా ఒక్కటిగా జరిగేవి. వాటిని తీసేస్తే మిగిలేవి 27 కంపనాలు. సౌష్ఠవ నియమాల జల్లెడలో వడకడితే రామన్ వర్ణపటంలో కనబడవలసినవి ఐదే ఐదు రేఖలు. ప్రయోగంలోనూ ఆ ఐదే వస్తాయి. కాగితం, పెన్సిలు చాలు, పరికరంతో పని లేకుండా ఈ లెక్క తేలుతుంది.

ఈ పద్ధతిని ఇద్దరూ పుస్తకంగా విస్తరించారు. ‘థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లమ్స్’ పేరుతో 1948లో దాన్ని విశ్వవిద్యాలయమే వాల్తేరు నుంచి ప్రచురించింది. తర్వాత ఆ పద్ధతి ‘ఫ్యాక్టర్ గ్రూప్ అనాలిసిస్’ అనే పేరుతో ప్రపంచమంతా స్థిరపడింది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఒక ఆవిష్కరణ కొత్తగా ఉన్నంతకాలమే దాన్ని కనుగొన్నవారి పేరు చెబుతారు. అది రోజువారీ పనిముట్టుగా మారిపోయాక ఎవరూ మూలాన్ని ఉదహరించరు, కూడికకు ఎవరూ సైటేషన్ ఇవ్వనట్టే. అంటే ప్రభావం పూర్తిగా ఇంకిపోయిన చోటే లెక్క సున్నా అవుతుంది. పైగా ర్యాంకింగు చూసేది ఇటీవలి కొద్ది సంవత్సరాల పత్రాలనే. భగవంతం గారు తర్వాత ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగా, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్లారు.

రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి గారు 1930లలో వాల్తేరు వచ్చి, పత్తి పూల వంటి మన చుట్టూ దొరికే మొక్కల్లోని రంగు పదార్థాల మీద ఒక పరిశోధనా సంప్రదాయాన్నే నిలబెట్టారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి, యుద్ధకాలంలో విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలవలసి వచ్చింది. అయినా శేషాద్రి గారు 1949లో ఢిల్లీ వెళ్లేదాకా ఆ కృషి సాగుతూనే వచ్చింది.

సముద్రం సంగతి మరీ వింతైనది. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఇక్కడికి వచ్చి, స్థానిక అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి నౌకాదళం ఓడల మీద బంగాళాఖాతాన్ని పరిశీలించారు. తూర్పు తీరం వాలులో నీటి అడుగున కనిపించిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి భూగర్భశాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన సి.మహాదేవన్ గారి పేరునూ, ఇంకొకదానికి కృష్ణ అనీ పేర్లు పెట్టారు. మనవాళ్ల పేర్లు సముద్రం అడుగున ఉన్నాయని నాకు చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

ఇక హెచ్-ఇండెక్స్. పరిశోధకుడి కృషిని ఒక్క అంకెలో చెప్పడానికి హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన ఈ కొలమానం ప్రకారం, 50 పత్రాలకు తలా కనీసం 50 సైటేషన్లు వస్తే సూచిక 50. ఒకే పత్రానికి వేల సైటేషన్లు వచ్చినా దాని వంతు ఒకటే. వాల్తేరులో గణితం ఎం.ఏ. చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో రాసిన పత్రం సాంఖ్యక శాస్త్రం గతినే మార్చింది. క్రామర్-రావు అవధి, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ అందులోనివే. ఆయనకు 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అప్పుడాయన పనిచేసింది కలకత్తాలో కాబట్టి ఆ పత్రం కలకత్తా పద్దులోకి పోతుంది, అది న్యాయమే. చదువు చెప్పి పంపిన విశ్వవిద్యాలయానికి మాత్రం పట్టికలో గడే లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా మరో ఉదాహరణ ఉంది. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద 2015లో వెలువడిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పుటల్లో 24 పుటలు పేర్లకూ సంస్థలకూ సరిపోయాయి. ఆ జాబితాలో ఒక్క అధ్యాపకుడున్న సంస్థ కూడా ఆ పత్రానికి వచ్చే సైటేషన్లన్నిటినీ తన ఖాతాలో చూపుకోవచ్చు.

ఇదంతా చదివి లెక్కలు దండగని తేల్చేస్తే నేను ఒప్పుకోను. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు 1939ని చూపించి నేటి ఖాళీని కప్పిపుచ్చుకునేవారు నాకు బాగా తెలుసు. సైటేషన్ లెక్క కనీసం ఆ వాసనకు మార్కులు వేయదు. వాల్తేరు తొలితరం వారు కూడా తమ ఫలితాలను అలమారాల్లో దాచుకోలేదు, నలుగురూ చదివే పత్రికలకు ఎప్పటికప్పుడు పంపారు. నా అభ్యంతరమల్లా గడుల గురించే. పుస్తకానికి గడి కావాలి, తెలుగులో వచ్చిన పరిశోధనకు గడి కావాలి. తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథాలు (పీహెచ్‌డీ థీసిస్‌లు) శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పుష్కలంగా ఉన్నాయి. వాటిని తరువాతి పరిశోధకులు చదువుతున్నారు, వాడుకుంటున్నారు. స్కోపస్ దృష్టిలో మాత్రం అవి లేనట్టే.

గత నెలలో ఒక పీహెచ్‌డీ విద్యార్థిని ప్లేజియరిజం రిపోర్టు (ఇతరుల రాతను ఎత్తిరాయలేదని చూపే నివేదిక) కోసం నా దగ్గరికి వచ్చింది. స్ఫటికాల మీద పని. ఫ్యాక్టర్ గ్రూప్ అనాలిసిస్ గురించి రాసిన పేరా మొత్తానికి సాఫ్ట్‌వేర్ ఎర్రరంగు పూసింది. అవే వాక్యాలు మరో ఆరు సిద్ధాంత గ్రంథాల్లో ఉన్నాయని చూపిస్తోంది. ఇది ఎక్కడిదమ్మా అని అడిగితే, “అందరూ రాసేదే కదా సార్” అన్నది. ఆ ఆరింటినీ తెరిచి చూశాను. ఒక్కదానిలోనూ వాల్తేరు మాట లేదు. లోపలి గదిలోంచి 1948 పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఆ అమ్మాయి అరగంట కూర్చుని చదివి, మొదటి పుటను ఫోనులో ఫోటో తీసుకుని, పేరాను సొంత మాటల్లో తిరగరాసి తెచ్చింది. రిఫరెన్సుల సంఖ్య 143 నుంచి 144 అయింది. సిద్ధాంత గ్రంథాల్లోని రిఫరెన్సులు ర్యాంకింగు లెక్కలోకి రావు కాబట్టి ఆ ఒక్కటీ ఏ పట్టికలోనూ పడదు.