స్వచ్ఛత 99 శాతం

అనంతపురంలో మా జిమ్ముకొచ్చే పిల్లోళ్ల నోట ఇప్పుడు బీపీసీ-157 మాటే. 15 అమైనో ఆమ్లాల పెప్టైడ్ అది, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలాంటిది. దెబ్బతిన్న స్నాయువులు, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లు, త్వరగా మానతాయంటారు. ఆ పరిశోధన చాలావరకు ఎలుకల మీద జరిగిందే. భుజం నొప్పితో బౌలింగ్ ఆపేసిన నాకు ఒక అన్న ఆన్‌లైన్‌లో తెప్పించిన సీసా ఇచ్చినాడు. పొడిలో నీళ్లు కలిపి, ఇన్సులిన్ సిరంజితో పొట్టకు వేసుకోవాల. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉండింది. వెంట ఒక సర్టిఫికెట్: స్వచ్ఛత 99 శాతం.

కొన్ని వారాలకు సూది దిగిన చోటల్లా గడ్డలు లేచినాయి. జ్వరం లేదు, పెద్దగా నొప్పీ లేదు. మెల్లగా ఊదారంగుకు తిరిగి చీము కారబట్టింది. అమ్మ సెగ్గడ్డలనుకొని పసుపు పట్టేసింది. మామూలు యాంటీబయాటిక్ కోర్సు అయిపోయినా తగ్గలేదు.

"ఈడ సూదేమన్నా వేసుకున్నావా నాయనా?" అని సర్జన్ అడిగినాడు. అంతా చెప్పినా. తిట్టలేదు. చీములోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపుతూ, క్షయ జాతి క్రిములను కూడా వెతకమని రాసినాడు. ఆ మాట రాయబట్టే దొరికింది: మైకోబ్యాక్టీరియం ఫార్చుయిటమ్. నీళ్లలో, మట్టిలో బతికే క్రిమి. పొడిలోంచి వచ్చిందా, కలిపిన నీళ్లలోంచా అనేది తేలలేదు. సర్టిఫికెట్ చూపిస్తే, "పొడిలో ఆ పదార్థం ఎంత స్వచ్ఛంగా ఉందో ఇది చెప్తుంది. క్రిములున్నాయా లేదా అనేది వేరే పరీక్ష" అన్నాడు. సూది మందుకు ముందు చూడాల్సింది ఆ రెండోదే!

గడ్డలు కోసి శుభ్రం చేసినారు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ నెలల తరబడి మింగినా. మాత్ర వేసుకునే వేళకు పాలూ పెరుగూ దగ్గరికి రానీకూడదు. డాక్సీసైక్లిన్‌తో ఎండ పడదు. మా ఊరి ఎండలో టోపీ లేకుండా గడప దాటలేదు. సిప్రోఫ్లాక్సాసిన్‌తో స్నాయువులు తెగే ప్రమాదముందని బంతి ముట్టుకోవద్దన్నారు. స్నాయువు మానాలని వేసుకున్న సూది చివరికి అక్కడికి తెచ్చింది.

భుజం మాత్రం ఫిజియోథెరపిస్ట్ నేర్పిన రబ్బరు బ్యాండు వ్యాయామంతోనే కుదురుకొనింది. ఇప్పుడు నెట్స్‌లో నాలుగు ఓవర్లు వేస్తున్నా. మచ్చలు చూసి పిల్లోళ్లు, "అన్నా, మంచి సీసా యాడ దొరుకుతుంది?" అంటారు. ఇది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించిన మందు, 2022 నుంచి జాబితాలో ఉంది, మ్యాచ్‌లాడేటోళ్లు ముట్టుకోవద్దు అని చెప్తా. ఇప్పటికే వేసుకున్నోళ్లకు గడ్డ కనిపిస్తే నేనే బండెక్కించుకొని ఆస్పత్రికి తీసుకుపోతా. సూది సంగతి డాక్టరు దగ్గర దాచొద్దని దారంతా చెప్తానే ఉంటా.