కారు రేడియోలో గరగర: తార్నాక నుంచి రాయదుర్గం దాకా

మా పాత హ్యాచ్‌బ్యాక్‌లో కంపెనీ రేడియో తీయించి ఆండ్రాయిడ్ తెర ఉన్న హెడ్ యూనిట్ పెట్టించిన నాటి నుంచి మ్యాపు, ఫోను, పెన్‌డ్రైవ్ పాటలు అన్నీ సవ్యంగానే నడుస్తున్నాయి కానీ రేడియో మాత్రం చెడింది. వివిధ భారతి 102.8 మీద తార్నాకలోనే గరగర మొదలై, బేగంపేట చేరేసరికి మాట తెలియనంతగా పెరిగేది. మీడియం వేవ్‌లో ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ అయితే అసలు తగిలేదే కాదు. ఫోనులో యాప్ పెట్టుకుని అదే కార్యక్రమం వినవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. వినవచ్చు, కాదనను, అయితే సైఫాబాద్‌లో ఆకాశవాణి భవనం ముందు నుంచి వెళ్తూ ఆ కేంద్రాన్నే పట్టలేని రేడియోను కారులో ఉంచుకోవడం, ఈ సరదా ఉన్నవాడికి మింగుడుపడని సంగతి. ఆ పని ఎంతవరకు వచ్చిందో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో ఇక్కడ రాసి పెడుతున్నాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది, లోపం బయట ఉందా, కారులో ఉందా అన్నది. ఇందుకు ఖర్చేమీ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో చుట్టూ భవనాలు లేని రోడ్డు పక్కన కారు ఆపి, ఇంజను కట్టేసి, పైకి లాగే ఏరియల్ ఉన్న చిన్న జేబు రేడియోను కారు టాపు మీద పెట్టి 102.8 వింటే గాజులా స్వచ్ఛంగా వినిపించింది. అదే చోట, అదే నిమిషంలో హెడ్ యూనిట్ గరగరలాడింది. సిగ్నల్ టాపు దాకా వస్తోంది, అక్కడి నుంచి స్పీకరు దాకా వచ్చే దారిలో పోతోంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా, సిగ్నల్‌ను పెంచే బూస్టర్ కొనడం దండగ. బూస్టర్ సంగతి తరువాత చెబుతాను.

మొదటి కారణం వైర్లలో కాదు, సెట్టింగులలో దొరికింది. ఇలాంటి హెడ్ యూనిట్లు అనేక దేశాలకు ఒకే సరుకుగా తయారవుతాయి కాబట్టి రేడియో ప్రాంతం ఏదో మనం ఎంచుకోవాలి. మా యూనిట్ అమెరికా ప్రాంతం మీద ఉంది. అమెరికాలో ఎఫ్‌ఎం కేంద్రాల మధ్య 0.2 మెగాహెర్ట్జ్ ఎడం ఉంటుంది, దశాంశం తరువాత ఎప్పుడూ బేసి అంకే వస్తుంది. మన దగ్గర 91.1, 92.7, 93.5, 98.3, 101.9 అన్నీ బేసి అంకెతోనే ముగుస్తాయి కనుక అవి సరిగ్గా తగులుతాయి, లోపం బయటపడదు. 102.8, 106.4 మాత్రం ఆ మెట్ల మీద లేనే లేవు. తెర మీద 102.7 అనో 102.9 అనో పడుతుంది, కేంద్రం అంచు మాత్రమే అందుతుంది, అందులో "స", "శ" అక్షరాలు పలికినప్పుడల్లా ధ్వని చీలిపోతుంది. మీడియం వేవ్‌లోనూ ఇదే కథ: అమెరికాలో మెట్టు 10 కిలోహెర్ట్జ్, మన దగ్గర 9. 738ని, హైదరాబాద్ బి కేంద్రపు 1377ని రెండింటినీ 9 నిశ్శేషంగా భాగిస్తుంది. 10 మెట్ల రేడియో 740 దగ్గర నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. ప్రాంతాన్ని యూరప్‌కు మార్చగానే 102.8లో ఆ చీలిక పోయింది. ఇంకో లాభం కూడా కలిగింది. ప్రసారంలో హెచ్చించి పంపిన పై స్థాయి ధ్వనులను రేడియో తిరిగి తగ్గించే కొలత అమెరికాలో 75 మైక్రోసెకన్లు, మనకు 50. ఆ తేడా వల్ల మందంగా వినిపించే తాళం, కంజిర ఇప్పుడు తేటపడ్డాయి. గరగర మాత్రం తగ్గలేదు.

రెండో కారణం, హెడ్ యూనిట్ మార్చిన కార్లలో చాలావరకు ఇదే ఉంటుందని నా నమ్మకం. ఎఫ్‌ఎం బ్యాండు మధ్యలో, అంటే 98 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 3.06 మీటర్లు, దానిలో పావు భాగం 76 సెంటీమీటర్లు. ఆ పొడవున్న కడ్డీ పెడితే ఏ సహాయమూ అక్కరలేదు. అయితే ఇప్పటి కార్ల టాపు మీద ఉండేది జానెడు కడ్డీ, లేదా సొరచేప రెక్క ఆకారపు డబ్బా. ఆ పొట్టితనాన్ని పూడ్చడానికి యాంటెన్నా దిమ్మెలోనే ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి 12 వోల్టులు అందాలి. కొన్ని కార్లలో ఆ కరెంటు వేరే వైరులో వెళ్తుంది, కొన్నింటిలో ఏరియల్ కేబుల్ నడిమి తీగలోనే వెళ్తుంది. పాత కంపెనీ రేడియో ఆ పని తనంతట తాను చేసేది. కొత్త యూనిట్ కేబుల్‌లోకి కరెంటు పంపదు, వెనక ఒక నీలం వైరు వదిలి ఊరుకుంటుంది. స్టీరియో బిగించిన షాపువారు ఆ వైరు కొసకు టేపు చుట్టి లోపలికి తోసేశారు. మల్టీమీటరుతో చూస్తే ఏరియల్ పిన్ను దగ్గర సున్నా వోల్టులు. అంటే దిమ్మెలోని ఆంప్లిఫయర్ నిద్రపోతోంది, పైగా సిగ్నల్‌కు అడ్డం పడి ఉంది.

దీనికి మందు, పవర్ ఇంజెక్టర్ ఉన్న ఏరియల్ అడాప్టర్. పైకి అది వేలెడంత ప్లగ్గే అయినా లోపల ఒక చోక్, ఒక కెపాసిటర్ ఉంటాయి. నీలం వైరు నుంచి వచ్చే 12 వోల్టులను చోక్ కేబుల్‌లోకి పంపుతుంది, ఆ వోల్టేజీ రేడియో వైపుకు పోకుండా కెపాసిటర్ ఆపుతుంది. కొనేముందు కారు వైపు ప్లగ్గు ఏ రకమో ఫోటో తీసుకుని వెళ్ళడం మంచిది, ఎందుకంటే కొన్నింటికి పాతకాలపు గుండ్రని లావు పిన్ను, కొన్నింటికి చతురస్రపు ఫాక్రా కనెక్టరు ఉంటాయి. రాణిగంజ్‌లో ఈ అడాప్టర్లు కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. ఒక హెచ్చరిక: ఆంప్లిఫయర్ లేని మామూలు యాంటెన్నాకు ఇది తగిలించరాదు. కొన్ని దిమ్మెలలో నడిమి తీగ ఒక కాయిల్ గుండా బాడీకి కలిసి ఉంటుంది, అక్కడికి 12 వోల్టులు పంపితే నేరుగా షార్టే. నేను నీలం వైరు మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టాను. నీలం వైరు, నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి: మొదటిది ఏరియల్‌కు, రెండోది బయటి ఆంప్లిఫయర్ ఆన్ చేయడానికి.

అడాప్టర్ పెట్టాక 91.1 నుంచి 106.4 దాకా అన్నీ నిండుగా వచ్చాయి. 738 కూడా మొదటిసారి వినిపించింది, అయితే దాని వెనక ఒక మోటారు తిరుగుతున్నట్టు చప్పుడు.

ఆ చప్పుడు ఎక్కడిదో వెతకడం దగ్గరే ఎక్కువ కాలం పట్టింది, ఎక్కువ నేర్చుకున్నదీ అక్కడే. రాణిగంజ్‌లో అడాప్టర్ అమ్మిన పెద్దాయన చెప్పిన చిట్కాతో మొదలుపెట్టాను. "ముందుగాల ఏరియల్ పిన్ను పీకి చూడుండ్రి సార్. అప్పుడు గూడ చప్పుడొస్తే అది ఏరియల్ కెల్లి వచ్చేది కాదు, కరెంటు కెల్లి వచ్చేది" అన్నాడు. ఇంతకన్నా చక్కగా ఏ మాన్యువల్‌లోనూ చెప్పలేదు. పిన్ను పీకితే చప్పుడు ఆగింది. ఆగకుండా, యాక్సిలరేటర్‌తో పాటు పైకీ కిందికీ పోయే ఈలలాగా వస్తుంటే అది ఆల్టర్నేటరుది, హెడ్ యూనిట్ ఎర్తు వైరు బాడీకి గట్టిగా పట్టలేదని అర్థం. ఇంజను వేగంతో పాటు టిక్ టిక్‌మని పెరిగితే స్పార్క్ ప్లగ్గులను చూడాలి. రెసిస్టర్ ఉన్న రకం తీసి లేనివి వేస్తే అలా అవుతుంది. నా కారులో రెండూ లేవు.

ఇంజను కట్టేసి, తాళం ఆన్‌లో ఉంచి, 738 పెట్టుకుని ఒక్కొక్క పరికరాన్ని ఆపుతూ వచ్చాను. సిగరెట్ లైటరు సాకెట్‌లోని ఫాస్ట్ ఛార్జర్ పీకగానే సగం చప్పుడు పోయింది. ఫోను తగిలించకపోయినా అది 12 వోల్టులను 5 వోల్టులకు దించుతూ సెకనుకు లక్షలసార్లు ఆన్ ఆఫ్ అవుతూనే ఉంటుంది, ఆ పౌనఃపున్యపు గుణిజాలు మీడియం వేవ్ అంతా పరుచుకుంటాయి. మిగిలిన సగం డ్యాష్‌క్యామ్‌ది. విచిత్రం ఏమిటంటే కెమెరాను ఆపితే పోయే చప్పుడు, దాన్ని తీసి వెనక సీటు మీద పెట్టి అక్కడి నుంచి కరెంటు ఇస్తే కూడా పోయింది. జేబు రేడియోను ఖాళీ మీడియం వేవ్ చోట పెట్టి డ్యాష్‌బోర్డు వెంట నెమ్మదిగా కదిపితే సంగతి తెలిసింది: ముందద్దం ఎడమ పక్కనున్న ఎ-పిల్లర్ అనే స్తంభం దగ్గర చప్పుడు ఒక్కసారి పైకి లేచింది. ఆ పిల్లర్ తొడుగు లోపల టాపు నుంచి దిగే ఏరియల్ కేబుల్, కెమెరా వైరు రెండూ ఒకే టేపు చుట్టలో కలిసి కిందికి దిగుతున్నాయి.

కెమెరా వైరును కుడి పిల్లర్ వైపుకు మార్చాను. పక్క ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కార్లలో ఈ తొడుగుల వెనక అవి మడిచి ఉంటాయి కనుక వైరు వాటి మీదుగా పోకుండా చూసుకోవాలి, తెలియకపోతే తొడుగు ముట్టుకోకపోవడమే మేలు. కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చిన ఫెర్రైట్ క్లిప్పులు, అంటే వైరు వెంట పాకే చప్పుడును అడ్డుకునేవి, కెమెరా వైరు రెండు కొసలకూ వేశాను. వైరును క్లిప్పు గుండా ఊరికే పోనిస్తే ప్రయోజనం తక్కువ; మూడు చుట్లు తిప్పితే అడ్డుకునే బలం సుమారు తొమ్మిది రెట్లు, ఎందుకంటే అది చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకని లోపలి రంధ్రం పెద్దగా ఉన్న క్లిప్పు తీసుకోవాలి. ఛార్జర్ మాత్రం ఫెర్రైట్‌కు లొంగలేదు. అది మార్చి ఇంకొకటి తెచ్చాను, షాపులోనే జేబు రేడియో పక్కన పెట్టి తగిలించి చూసి మరీ కొన్నాను. షాపతను నవ్వినా చూడనిచ్చాడు. హాలోజన్ దీపాల స్థానంలో ఎల్‌ఈడీ బల్బులు వేసుకున్నవారు లైట్లు వేసినప్పుడూ తీసినప్పుడూ 102.8 విని పోల్చుకోవాలి, వాటికి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్లు ఎఫ్‌ఎంను కూడా వదలవు. ఎదుటివారి కళ్ళలో పడే ఆ బల్బులను తీసేయడానికి అదొక్కటే కారణం కానక్కరలేదు.

ఆ తరువాత యాంటెన్నా దిమ్మె. లోపలి లైటు ఊడదీసి, టాపు గుడ్డ అంచు కొంచెం దింపితే దాని నట్టు చేతికి అందుతుంది. కేబుల్ పై కవచానికీ బాడీకీ మధ్య మల్టీమీటరు 6 ఓములు చూపింది, ఒక ఓము కన్నా తక్కువ ఉండాలి. దిమ్మె పైకెత్తితే రబ్బరు వాషరు కింద వానల తడికి ఇటుక రంగు తుప్పు పొడిగా రాలింది, మధ్యలో నాణెం అంచంత సన్నని వలయం మాత్రమే లోహంగా మిగిలి ఉంది. 400 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, పళ్ళున్న వాషరు వేసి, పెట్రోలియం జెల్లీ పూసి బిగించాక మీటరు 0.3 దగ్గర ఆగింది. ఇందువల్ల ఎఫ్‌ఎంలో తేడా కొద్దిగానే వినిపించింది, మీడియం వేవ్‌లో బాగా వినిపించింది. ఏరియల్ కేబుల్ తెగితే టీవీ కేబుల్ అతుకు వేయించడం చూస్తుంటాం. కారు కేబుల్‌ను కెపాసిటెన్స్ తక్కువ ఉండేలా ప్రత్యేకంగా చేస్తారు, అతుకు పొడవు పెరిగేకొద్దీ మీడియం వేవ్ సన్నగిల్లుతుంది. వెనక అద్దంలోనే యాంటెన్నా గీతలున్న కార్లవారు ముందుగా సన్ ఫిల్మ్ సంగతి చూసుకోవాలి. 2012లో సుప్రీంకోర్టు వద్దన్నా అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్న ఆ ఫిల్మ్‌లో లోహపు పొర ఉంటే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది.

ఇక బూస్టర్. ఒక మిత్రుడి దగ్గర అడిగి తెచ్చి పెట్టి చూశాను. 94.3 మీద మరో రెండు కేంద్రాల పాటలు కలగలిసి వినిపించాయి. లెక్క వేస్తే సరిపోయింది: 92.7ను రెట్టింపు చేసి 91.1 తీసేస్తే వచ్చేది సరిగ్గా 94.3. బలమైన రెండు సిగ్నళ్ళను ఇంకా పెంచితే ఆంప్లిఫయర్ తట్టుకోలేక ఇలాంటి దొంగ సిగ్నల్‌ను తానే పుట్టిస్తుంది. నగరంలో సిగ్నల్‌కు కరువు లేదు, కరువల్లా నిశ్శబ్దానికే. బూస్టర్ గరగరను కూడా సమానంగా పెంచుతుంది. మర్నాడే తిరిగి ఇచ్చేశాను.

కారులో చేయగలిగినవన్నీ చేశాక మిగిలింది దారి. తార్నాక నుంచి రాయదుర్గం దాకా నేను వెళ్ళే దారిలో చాలా భాగం మెట్రో నీలి మార్గం వయాడక్ట్ (స్తంభాల మీది వంతెన) కిందనో పక్కనో సాగుతుంది. అక్కడ ఎఫ్‌ఎం ఒకింత తడబడుతుంది, 738 అయితే మునిగిపోతుంది. దాని తరంగం పొడవు 400 మీటర్ల పైచిలుకు కాబట్టి కాంక్రీటు, ఇనుము కింద ఉన్న ఇరుకులోకి చొరబడలేదు. మైండ్‌స్పేస్ పరిసరాలలో అద్దాల భవనాలు ఎఫ్‌ఎంను అటూ ఇటూ తిప్పి కొడతాయి. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గరగర వస్తే ముందు బండి కదిలే దాకా ఆగి, సుమారు ముప్పావు మీటరు ముందుకు జరిగితే చాలు, తిరిగి తేటపడుతుంది. అది తరంగం పొడవులో పావు భాగం. అలాంటి చోట్ల స్టీరియో (ఎడమ, కుడి స్పీకర్లకు వేరువేరు ధ్వని) ఆపి మోనో (రెండింటికీ ఒకే ధ్వని) పెట్టడం కూడా మేలు, ఎందుకంటే స్టీరియో శుభ్రంగా రావాలంటే సిగ్నల్ సుమారు 20 డెసిబెల్‌లు ఎక్కువ కావాలి. మా యూనిట్‌లో ఆ మీట మూడో మెనూలో దాగి ఉంది, తెర మీదికి షార్ట్‌కట్ తెచ్చుకున్నాను.

ప్రస్తుతం 102.8, 101.9 తార్నాక నుంచి కేబుల్ బ్రిడ్జి దాకా ఎక్కడా తెగడం లేదు. 738 ఉస్మానియా రోడ్లలోనూ, అవుటర్ రింగ్ రోడ్డు మీదా జేబు రేడియోతో సమానంగా వస్తోంది, మెట్రో కింద రావడం లేదు. వెనక వైపరు తిరిగినప్పుడు మీడియం వేవ్‌లో ఒక బరబర మిగిలి ఉంది. దాని మోటారు కొసల మీద కెపాసిటర్ వేసి చూడాలి, అది వానాకాలం లోపల ముగించాలని ఉంది.