ఎరువుల సంచులతో అయాన్ల లెక్క: ట్యూషన్‌లో నా అనుభవం

అనంతపురంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. అయానిక పదార్థాల పేర్లు, ఫార్ములాల పాఠం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి క్రిస్ క్రాస్ పద్ధతి, అంటే ఒక అయాన్ ఆవేశపు అంకెను రెండో అయాన్ కింద రాసే పద్ధతి, వచ్చేసి ఉంటుంది. అయాన్లే, అంటే ఆవేశం ఉన్న పరమాణువులు, పరమాణువుల గుంపులే రావు. ఎక్కాలు రాకుండా వడ్డీ లెక్కలకు దిగినట్టన్నమాట. అందుకని క్రిస్ క్రాస్‌ను మొదట్లో ముట్టుకోనివ్వను. ఉదాహరణలు కూడా వాళ్ల ఇళ్ల వసారాలో ఉండే సంచుల నుంచే తీసుకుంటాను: జిప్సం, అన్నభేది, డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేటు), జింకు సల్ఫేటు. చెనక్కాయ వేసే ఇళ్ల పిల్లలకు ఈ పేర్లు కొత్తవి కావు.

ఫార్ములాలను ఇక్కడ నోటితో చెప్పినట్టే రాస్తున్నాను. అలా చెప్పడంలో ఒక చిక్కు ఉంది. "సీఓ" అంటే కార్బన్ మోనాక్సైడా, కోబాల్టా? నోటుబుక్కులో రెండో అక్షరం చిన్నదైతే కోబాల్టు, పెద్దదైతే కార్బనూ ఆక్సిజనూ. చేతిరాతలో ఈ తేడా చెరిగిపోతే మిగతాదంతా సరిగ్గా రాసినా మార్కు పోతుంది.

మొదటి వారమంతా అయాన్ల పట్టికే. లోహాల్లో మారని ఆవేశం ఉన్నవి ముందు: సోడియం, పొటాషియం, వెండి ప్లస్ 1, మెగ్నీషియం, కాల్షియం, బేరియం, జింకు ప్లస్ 2, అల్యూమినియం ప్లస్ 3. అవతలి పక్క క్లోరైడు, ఫ్లోరైడు మైనస్ 1. ఆక్సైడు, సల్ఫైడు మైనస్ 2. నైట్రైడు మైనస్ 3. వీటితో పెద్దగా ఇబ్బంది ఉండదు. తలనొప్పంతా ఒకటికి మించిన పరమాణువులు గుంపుగా ఉండే అయాన్లతోనే. నైట్రేటు, హైడ్రాక్సైడు మైనస్ 1. సల్ఫేటు, కార్బనేటు మైనస్ 2. ఫాస్ఫేటు మైనస్ 3. ధనావేశం ఉన్న అమ్మోనియం ప్లస్ 1. సల్ఫేటు ఎస్ఓ4 కదా, ఆ 4 చూసి ఆవేశం కూడా నాలుగే అనుకుంటారు. ఆ 4 ఆక్సిజన్ పరమాణువుల సంఖ్య, ఆవేశం రెండే. ఈ ఒక్క పొరపాటును వదిలించడానికే ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఇంకోటి బైకార్బనేటు. "బై" అంటే రెండు అని ఎక్కడో విని ఉంటారు, మైనస్ 2 వేస్తారు. కార్బనేటుకు ఒక హైడ్రోజన్ అయాన్ చేరితే ఒక ఋణావేశం తగ్గి మైనస్ 1 మిగులుతుంది. వంట సోడా ఎన్ఏ హెచ్‌సీఓ3లో సోడియం ఒక్కటే. బట్టల సోడా ఎన్ఏ2 సీఓ3లో సోడియంలు రెండు. రెండింటినీ పక్కపక్కన రాయిస్తే తేడా కళ్లకు కడుతుంది.

ఆ తర్వాత ఖాతా పద్ధతి. ప్లస్‌లు జమ, మైనస్‌లు ఖర్చు, చివరికి బాకీ సున్నా కావాలి. అల్యూమినియం ప్లస్ 3, ఆక్సైడు మైనస్ 2. మూడుకూ రెండుకూ క.సా.గు. 6. ఆరు ప్లస్‌లకు రెండు అల్యూమినియంలు, ఆరు మైనస్‌లకు మూడు ఆక్సిజన్లు: ఏఎల్2ఓ3. క్రిస్ క్రాస్ చేసినా ఇదే వస్తుంది, నిజమే. కానీ మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి, అదే బేరియం సల్ఫేటు, ఇచ్చి చూడండి. గుడ్డిగా క్రిస్ క్రాస్ చేసేవాళ్లు బీఏ2 (ఎస్ఓ4)2 అని రాసి ఊరుకుంటారు. ప్లస్ 2, మైనస్ 2 అక్కడికక్కడే సరిపోయాయి కాబట్టి బీఏ ఎస్ఓ4 చాలు. అయానిక పదార్థంలో విడి అణువులు ఉండవు, స్ఫటికంలో అయాన్ల నిష్పత్తినే ఫార్ములా చెబుతుంది. అందుకే వీలైనంత చిన్న సంఖ్యలకు తేవాలి.

కుదించడం నేర్పాక దానికి హద్దు కూడా చెప్పాలి. అయాన్ల సంఖ్యలనే కుదించాలి గానీ అయాన్ లోపలి సంఖ్యలను ముట్టుకోకూడదు. మెర్క్యురస్ అయాన్‌లో రెండు పాదరస పరమాణువులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, రెండింటికీ కలిపి ప్లస్ 2. కాబట్టి మెర్క్యురస్ క్లోరైడు హెచ్‌జీ2 సీఎల్2గానే ఉండాలి. సోడియం పెరాక్సైడు ఎన్ఏ2ఓ2 కూడా అంతే.

బ్రాకెట్ విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను. అమ్మోనియం సల్ఫేటుకు రెండు అమ్మోనియంలు కావాలి. బ్రాకెట్ లేకుండా ఎన్‌హెచ్42 ఎస్ఓ4 అని రాస్తే నలభై రెండు హైడ్రోజన్లని అర్థం! (ఎన్‌హెచ్4)2 ఎస్ఓ4 అని రాయాలి. తడి సున్నం సీఏ (ఓహెచ్)2కు బ్రాకెట్ తీసేస్తే ఒక ఆక్సిజన్ మాయమైపోతుంది. గుంపు ఒక్కటే ఉన్నప్పుడు బ్రాకెట్ అక్కర్లేదు, ఎన్ఏ ఓహెచ్ చాలు.

పేర్ల దగ్గర అసలు పరీక్ష ఇనుము, రాగి, తగరం, సీసం లాంటి వాటితో. వీటికి ఆవేశం ఒక్కటే కాదు. పాత పద్ధతిలో తక్కువ ఆవేశానికి అస్, ఎక్కువకు ఇక్: ఫెర్రస్ 2, ఫెర్రిక్ 3, క్యుప్రస్ 1, క్యుప్రిక్ 2. అస్ అంటే ఒకటి, ఇక్ అంటే రెండు అని బట్టీపట్టినవాళ్లు ఇనుము దగ్గర బోల్తా పడతారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో ప్రతిపాదించిన పద్ధతిలో ఈ బాధ లేదు, ఆవేశాన్ని రోమన్ అంకెతో పేరులోనే చెప్పేస్తాం. ఫార్ములా నుంచి పేరుకు వెళ్లాలంటే వెనక నుంచి లెక్కకట్టాలి. మన ఎర్రనేలకు రంగునిచ్చే ఎఫ్ఈ2ఓ3నే తీసుకుందాం. మూడు ఆక్సిజన్లకు మైనస్ 6, దాన్ని రెండు ఇనుములు పంచుకుంటే ఒక్కోదానికి ప్లస్ 3. కాబట్టి ఐరన్ మూడు ఆక్సైడు. ఆ మూడు ఆవేశం నుంచి వచ్చింది, ఆక్సిజన్ పక్కనున్న 3 నుంచి కాదు. ఎఫ్ఈఓ పేరు చెప్పమంటే పిల్లలు ఐరన్ ఒకటి ఆక్సైడు అంటారు, అది ఐరన్ రెండు ఆక్సైడు.

అన్నభేది ఈ పాఠానికి దొరికిన వరం. కొత్త ప్యాకెట్‌లో లేత ఆకుపచ్చ పలుకులు, అంటే ఫెర్రస్ సల్ఫేటు. మూత సరిగ్గా పెట్టకుండా తేమ తగలనిస్తే పైన గోధుమరంగు పొర కడుతుంది, ఫెర్రస్ గాలికి ఫెర్రిక్ అయిపోయింది. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుము అందక చెనక్కాయ లేతాకులు పసుపు తిరిగితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టమంటారు. ఆ నిమ్మ ఉప్పు ఎందుకని పిల్లలే అడుగుతారు. ఇనుము ఫెర్రిక్ హైడ్రాక్సైడుగా, అంటే ఎఫ్ఈ (ఓహెచ్)3గా అడుక్కు దిగిపోకుండా ద్రావణంలో పట్టి ఉంచడానికి. ఇదే ఊపులో బ్రాకెట్ ఇంకోసారి సాధన అవుతుంది.

అయానిక పేర్లలో రెండు, మూడు అని చెప్పే డై, ట్రై వాడకూడదని చెప్పగానే ఎవరో ఒకరు లేస్తారు: "మరి డీఏపీలో డై ఉంది కదా సార్?" ప్రశ్న సబబే. డీఏపీ ఫార్ములా (ఎన్‌హెచ్4)2 హెచ్‌పీఓ4. హెచ్‌పీఓ4 ఆవేశం మైనస్ 2 కాబట్టి అమ్మోనియంలు ఎలాగూ రెండే, పేరులో డై లేకపోయినా నష్టం లేదు. కానీ ఎన్‌హెచ్4 హెచ్2పీఓ4 అనే మోనో అమ్మోనియం ఫాస్ఫేటు కూడా బజారులో ఉంది, వ్యాపారంలో రెండూ తారుమారు కాకుండా డై, మోనో నిలిచిపోయాయి. కాల్షియం డైక్లోరైడు అని రాయడానికి మాత్రం ఇది సాకు కాదు. పొటాష్ సంచిది ఇంకో వింత. 60 శాతం కే2ఓ (పొటాషియం ఆక్సైడు) అని అచ్చేసి ఉంటుంది, లోపల కే2ఓ చిటికెడు కూడా ఉండదు, ఉన్నదంతా కేసీఎల్ (పొటాషియం క్లోరైడు). పొటాషియంను కే2ఓ రూపంలో లెక్కగట్టి చెప్పడం ఎరువుల రంగంలో పాత ఆనవాయితీ.

క్లోరైడు, ఆక్సైడు లాంటి పేర్ల చివర్లో వచ్చే ఐడ్ గురించి ఎక్కువ చెప్పను. మా జిల్లాలో "ఫ్లోరిన్ నీళ్లు" అంటారు గానీ నీళ్లలో ఉన్నది ఫ్లోరిన్ వాయువు కాదు, ఫ్లోరైడు అయాన్. ఆ ఒక్క మాట చాలు.

స్ఫటిక జలం ఆఖరున చెబుతాను. జిప్సం సీఏ ఎస్ఓ4, చుక్క, 2 హెచ్2ఓ. ఆ చుక్క గుణకారం కాదు, ఆ నీళ్లు స్ఫటికంలో భాగమని గుర్తు. చెనక్కాయకు పూత, ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తారు. ఫార్ములా భారం 172, అందులో కాల్షియం 40. శుద్ధమైన జిప్సం అనుకుంటే 200 కిలోల్లో కాల్షియం 46 కిలోల పైచిలుకు, గంధకం 37 కిలోలు. నీళ్లు మరిచిపోయి 136తో భాగిస్తే కాల్షియం దాదాపు 59 కిలోలని వస్తుంది. చుక్క తర్వాతి భాగం వదిలేస్తే పన్నెండు కిలోల తప్పు.

ఈ లెక్క అయ్యాక జింకు సల్ఫేటు సంచులు రెండు ముందు పెడతాను. ఒకదాని మీద జింకు 21 శాతం, ఇంకోదాని మీద 33 శాతం. రెండూ జింకు సల్ఫేటే అయితే తేడా ఎక్కడిదో చెప్పమంటాను. మొదటిదానిలో ఒక్కో జింకుకు ఏడు నీటి అణువులు, రెండోదానిలో ఒక్కటే. ధర అడిగే ముందు సంచి మీద హెప్టా అని ఉందా, మోనో అని ఉందా చూడమని ఇంట్లో చెప్పమంటాను.